రోహిణి కార్తెలో పెరటి కోత: కాయ ఒక్క రోజు ఆగితే ఏమవుతుంది?

మే చివరి వారంలో ఒక బెండ మొక్కను నాలుగు రోజులు వరుసగా చూస్తే వేసవి చివరి కోత గురించి తెలుసుకోవాల్సింది సగం తెలిసిపోతుంది. మొదటి రోజు పొద్దున చిటికెన వేలంత ఉన్న పిందె మర్నాటికి చూపుడు వేలిని దాటుతుంది. మూడో రోజుకి కూరకు సరిగ్గా సరిపోయే లేత కాయ. ఆ రోజు ఇంట్లో పెళ్లికో, ఊరికో వెళ్లి నాలుగో రోజు సాయంత్రం వచ్చి కొన విరిచి చూస్తే, అది వంగుతుందే తప్ప విరగదు. కత్తికి పీచు తగులుతుంది. ముదిరిన బెండకాయ ఎందుకూ పనికిరాదని తెలుగిళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ నష్టం ఆ ఒక్క కాయతో ఆగదు. ముదురు కాయలు అలాగే వదిలేసిన మొక్కకి పైన కొత్త పూత పలచబడుతుంది, వారం తిరిగేసరికి కాపు సగానికి వస్తుంది. ఎండ ఎక్కువైందనో, ఎరువు తగ్గిందనో అనుకుంటారు. ఎండ నిజమే. కానీ అదే ఎండలో, పక్కింటి మేడ మీద రోజు విడిచి రోజు కోస్తున్న మొక్క ఇంకా కాస్తూనే ఉంటుంది.

తెలుగు నేల మీద వేసవి చివర అంటే కృత్తిక కార్తె మొదలైన కొద్ది రోజుల నుంచి మృగశిర వచ్చేదాకా, అంటే సుమారుగా మే 15 నుంచి జూన్ 8 వరకు. మే 25 ప్రాంతంలో వచ్చే రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రామగుండం, ఖమ్మం, నల్గొండ, రెంటచింతల వైపు పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం కొత్తేమీ కాదు. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1, అక్కడి నుంచి మన దాకా రావడానికి ఇంకో వారం, పది రోజులు. పెరట్లో మొక్కలకు ఏడాది మొత్తంలో ఇంతకంటే కష్టకాలం లేదు. జనవరి, ఫిబ్రవరిలో విత్తిన మొక్కలు అప్పటికి ముసలివవుతుంటాయి, తొలకరికి పెట్టాల్సినవి ఇంకా మొలవలేదు. మరోవైపు బజార్లో కూరగాయల ధరలు ఎక్కడం మొదలయ్యేది కూడా ఇప్పుడే. కాబట్టి ఈ మూడు వారాల్లో చేతికొచ్చే నాలుగు కాయలనూ కాపాడుకోవడం నేర్చుకోవాల్సిన పనే.

మొక్క వైపు నుంచి చూస్తే కాయ అంటే కూర కాదు, విత్తనాల సంచి. బెండ అయినా బీర అయినా అది పూసేది విత్తనం కట్టడానికే. లోపల గింజలు గట్టిపడే కొద్దీ ఆకుల్లో తయారైన చక్కెరంతా అటు మళ్లుతుంది, కొత్త చిగుళ్లకూ పూతకూ అందేది తగ్గుతుంది. గింజ ముదిరిందంటే తన పని అయిపోయినట్టే మొక్క నడుచుకుంటుంది. కాయను లేతగా కోసేస్తే ఆ పని తెగదు, మళ్లీ పూస్తుంది. ఇది ఏ కాలంలో అయినా జరిగేదే. వేసవి చివర దీని దెబ్బ గట్టిగా తగలడానికి కారణం వేరే ఉంది. మధ్యాహ్నపు వేడికి నీరు కాపాడుకోవడం కోసం ఆకులు తమ పత్రరంధ్రాలను మూసుకుంటాయి. రంధ్రాలు మూసుకుంటే గాలి లోపలికి రాదు, గాలి రాకపోతే ఆహారం తయారీ తగ్గుతుంది. రాబడి తగ్గిన ఇంట్లో తినేవాళ్లు మాత్రం అంతమందే ఉన్నట్టు అవుతుంది మొక్క పరిస్థితి. ఇలాంటప్పుడు తీగకు వేలాడే ప్రతి ముదురు కాయా భారమే. అందుకే ఈ రోజుల్లో కోత అంటే మొక్క నుంచి తీసుకోవడం మాత్రమే కాదు, మొక్క మీద బరువు దించడం కూడా.

తీగజాతుల్లో ఇంకో చిక్కు ఉంది. ఎండ ముదిరి, పగలు పొడవైన కొద్దీ సొర, బీర, దోస తీగల్లో మగపూలు పెరిగి ఆడపూలు తగ్గుతాయి. పందిరి నిండా పూలే, పిందె మాత్రం ఒక్కటీ లేదని మే నెలలో చాలామంది దిగులుపడేది ఇందుకే. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకి ఉత్త కాడే ఉంటుంది. మేడ మీదికి తేనెటీగలు అంతగా రావు కాబట్టి ఆ ఉన్న కాసిని ఆడపూలకూ మగపువ్వు తెచ్చి చేత్తో తాకించాల్సి వస్తుంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే. ఈ తేడా తెలియక బీరపూల కోసం పొద్దున తొమ్మిదింటికి పందిరి ఎక్కి, వాడిన పూలు చూసి దిగివచ్చేవాళ్లు ఎందరో.

పువ్వు తాకించిన రోజే తొడిమకు రంగు దారం ముక్క ఒకటి వదులుగా కట్టి ఉంచితే కోత రోజు తెలుసుకోవడం తేలిక. ఆకుల చాటున కాయ వయసు కంటికి అందదు, దారం చూస్తే అందుతుంది. సోమవారం ఎర్ర దారం, గురువారం పచ్చ దారం అనుకుంటే క్యాలెండర్ కూడా అక్కర్లేదు. బీరకాయ పువ్వు విచ్చిన ఐదు నుంచి ఏడు రోజుల్లో కోతకు వస్తుంది. సొరకాయకు పిందె నిలిచాక పది, పన్నెండు రోజులు. కాకరకు దాదాపు రెండు వారాలు. బెండకు నాలుగు నుంచి ఆరు రోజులు. ఎండ, నీరు, రకాన్ని బట్టి ఒకటి రెండు రోజులు అటూఇటూ అవుతాయి కాబట్టి రోజుల లెక్కతో పాటు చేతికి తెలిసే గుర్తు కూడా ఉండాలి.

ఆ గుర్తులు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. సొరకాయ మీద సన్నటి నూగు ఉన్నంతకాలం అది లేత, నూగు రాలి నున్నగా మెరిసిందంటే తోలు గట్టిపడుతున్నట్టు. గోరు గుచ్చితే సులువుగా దిగాలి. అయితే తీగ మీద ఉన్న ప్రతి కాయకీ రోజూ గోరు గుచ్చి చూడడం మంచి అలవాటు కాదు. ఆ గాటు దగ్గరే కుళ్లు మొదలవుతుంది, పండు ఈగకు గుడ్లు పెట్టడానికి దారి దొరుకుతుంది. కోయాలని నిశ్చయించుకున్న కాయకే గోరు పరీక్ష. బీరకాయను చేత్తో పట్టుకుంటే బరువుగా, చల్లగా తగలాలి. తేలికైపోయి గీతలు కత్తిలా లేచాయంటే లోపల పీచు అల్లుకుంటోందని అర్థం. కాకరకాయ ముళ్లు ఉబ్బి, వాటి మధ్య పల్లాలు విచ్చుకుని మెరుస్తున్నప్పుడు కోయాలి. కొన దగ్గర పసుపు కనిపిస్తే ఆలస్యమైనట్టే, కోసి చూస్తే గింజల చుట్టూ ఎర్రటి గుజ్జు ఉంటుంది.

వంకాయకు ఒక్కటే గుర్తు, మెరుపు. తెల్ల వంకాయైనా, గుత్తి వంకాయైనా, పొడుగు వంకాయైనా, తోలు అద్దంలా ఉన్నప్పుడే కోయాలి. సైజు చూసి ఆగకూడదు. వేసవి చివర వంకాయలు మామూలు సైజుకు ఎదగవు, చిన్నగానే ముదిరిపోతాయి. ఇంకా పెరుగుతుందిలే అని వదిలేస్తే మెరుపు పోయి, గింజలు గోధుమరంగు తిరిగి, కూరలో కనరు వస్తుంది. గుప్పెడంత ఉండాల్సిన కాయ నిమ్మకాయంతే ఉన్నా మెరుస్తుంటే కోసేయడమే మంచిది. కోస్తున్నప్పుడే కాయకు రంధ్రం కనబడినా, కొమ్మ చివర వాలిపోయి ఉన్నా దాన్ని కూడా కత్తిరించి తీసేయాలి. కొమ్మను, కాయను తొలిచే పురుగు లోపల ఉంటుంది, మందు కొట్టినా దానికి తగలదు. పుచ్చు కాయల్ని మొక్క మొదట్లో పడేయడం, కంపోస్టు డబ్బాలో వేయడం మనం చేసే పెద్ద పొరపాటు. పాలిథిన్ సంచిలో వేసి మూతి గట్టిగా కట్టి మేడ మీద ఎండలో రెండు మూడు రోజులు పడేస్తే పురుగు లోపలే చస్తుంది. పండు ఈగ కుట్టిన బీర, కాకర పిందెలకూ ఇదే మందు. ఆ పనికి మే నెల ఎండను మించింది లేదు.

టమాటా కథ వేరు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24, 25 కి తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలుతుంది. మే నెలలో కొత్త కాపు మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఏప్రిల్‌లో నిలిచిన కాయల్ని దక్కించుకోవడమే ఇప్పుడు పని. టమాటాకు ఎరుపు ఇచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగా తయారవదు. అందుకే నడివేసవిలో మొక్క మీద పండిన టమాటాలు ఎర్రబడకుండా పసుపు, నారింజ మధ్య ఆగిపోతాయి. ఎండ నేరుగా తగిలే వైపు తెల్లటి మచ్చ పడి తోలు కాగితంలా అవుతుంది, అది ఎండదెబ్బ. నేరుగా ఎండలో ఉన్న కాయ, తన చుట్టూ ఉన్న గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి కాయ అడుగున కాస్త రంగు తిరగ్గానే, అంటే పచ్చదనం విరిగి లేత గులాబి ఛాయ కనబడగానే కోసి, ఇంట్లో చల్లటి మూల నేల మీద పరిచి పండనివ్వడం మేలు. రంగు తిరిగాక కోసిన టమాటా ఇంట్లోనూ పండుతుంది, రుచిలో పెద్దగా తేడా రాదు. ఆకులు గుబురుగా ఉన్నాయని ఈ రోజుల్లో కత్తిరించేయకూడదు. ఆ గుబురే కాయలకు గొడుగు.

గోరుచిక్కుడు, అలసంద, దొండ ఈ ఎండకు తట్టుకునే రకాలు. గోరుచిక్కుడును వేలి పొడవు దాటనివ్వకూడదు, దొండను మూడు నాలుగు రోజులకోసారి ఆకులు పక్కకు తీసి వెతికి మరీ కోయాలి. లోపల ఎరుపు తిరిగితే కూరకు పుల్లగా ఉంటుంది. పప్పుదోస మాత్రం తొందరపెట్టదు. తోలు పసుపు తిరిగి చారలు తేలాక కోసి, చిన్న కాడతో సహా గదిలో ఒక మూల పెడితే రెండు మూడు వారాలు నిశ్చింతగా ఉంటుంది.

ఆకుకూరల్లో పాలకూర, కొత్తిమీర ఈపాటికి పూతకొచ్చి అయిపోతాయి, వాటితో పోరాడి లాభం లేదు. తోటకూర, బచ్చలి, గోంగూర నిలుస్తాయి. తోటకూరను చలికాలంలో వేళ్లతో సహా పీకేసి మళ్లీ విత్తనం చల్లుకోవచ్చు గానీ, కాలిపోతున్న మట్టిలో కొత్త మొలకలను బతికించడం కష్టం. అందుకే పీకకుండా చివర్లు గిల్లుకోవాలి. గిల్లిన ప్రతి చోటా రెండు కొమ్మలు వస్తాయి. గోంగూరను నేల నుంచి జానెడు వదిలి పైన కోస్తే కణుపుల దగ్గర కొత్త చిగురు వస్తుంది. మొత్తం ఆకు దూసేస్తే మాత్రం ఎండ నేరుగా కాండం మీద పడి మొక్క మోడవుతుంది. మూడో వంతుకు మించి ఒకేసారి తీసుకోకపోవడం మంచిది.

చేదు సంగతి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. దోసకాయ, బీరకాయ, సొరకాయ తరిగేముందు తొడిమ వైపు ఒక చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడడం తెలుగు వంటింట్లో పాత అలవాటు. తరిగే పెద్దావిడ ముక్క నోట్లో వేసుకుని, ముఖం చిట్లించి, కాయను పక్కన పడేయడం చాలామంది చూసే ఉంటారు. కూర పాడవకుండా చేసే పనిగా మాత్రమే దీన్ని అనుకుంటాం. అంతకంటే పెద్ద కారణం ఉంది. ఈ కుటుంబంలోని మొక్కలన్నిట్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. సాగు రకాల్లో అది చాలా తక్కువ. ఎండ దెబ్బ, నీటి ఎద్దడి, ఒకరోజు నీళ్లు పోసి మూడు రోజులు మర్చిపోవడం లాంటివి పడితే కాయలో అది పెరుగుతుంది. అంటే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా వేసవి చివరి కాయల్లోనే.

చేదు సొరకాయ రసం తాగి మనుషులు తీవ్రంగా జబ్బుపడ్డారు, మన దేశంలో చనిపోయినవాళ్లూ ఉన్నారు. వాంతులు, విరేచనాలు, కొందరిలో రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం దీని లక్షణాలు. ఈ మరణాల తర్వాత భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల కమిటీ కూడా చేదుగా ఉన్న సొరకాయ రసం తాగొద్దనే చెప్పింది. ఉడికిస్తే ఈ చేదు పోదు. బెల్లం, చింతపండు వేస్తే మరుగున పడుతుందేమో గానీ విషం అలాగే ఉంటుంది. కాబట్టి పెరట్లో ఎంత ముద్దుగా పెంచుకున్నదైనా, నెల రోజులు ఎదురుచూసి కోసిన మొదటి కాయైనా, చేదుగా ఉంటే పారేయాల్సిందే. నాలుకకు తగిలిన ముక్కను మింగకుండా ఉమ్మేయాలి. పోయిన ఏడాది తిన్న కాయలోని గింజలు నాటితే వచ్చిన తీగ, తనంత తానే మొలిచిన తీగ అయితే ఇంకా జాగ్రత్త. ఒకే జాతిలోని రకాలు ఒకదానితో ఒకటి తేలిగ్గా సంకరమవుతాయి, అడవి రకంతో కలిస్తే పుట్టిన తీగ కాయలు మొదటి నుంచీ చేదుగానే ఉండవచ్చు. కాకర చేదు వేరు, అది కాకరకు సహజమైనదే. దాన్ని చూసి సొరకాయ చేదును కూడా ఆరోగ్యమని అనుకోకూడదు.

తెల్లవారుజామున ఎందుకు

హైదరాబాద్‌లో మే నెలాఖరుకు సూర్యోదయం ఉదయం 5:40 ప్రాంతంలో. కోతకు మంచి సమయం దానికి కాస్త అటూఇటూ, ఆరున్నర దాటకుండా. రాత్రంతా వేళ్లు నీరు తాగి ఆకుల్లో, కాయల్లో నింపుతాయి. తెల్లవారుజామున మొక్క నిండు కుండ. ఎండ ఎక్కిన కొద్దీ వేళ్లు తాగే నీటి కంటే ఆకులు వదిలే నీరు ఎక్కువవుతుంది. పదకొండు గంటలకు కోసిన తోటకూర వంటింట్లోకి వచ్చేసరికే తలవాల్చేసి ఉంటుంది. నీళ్లు చల్లితే కొంత లేస్తుంది గానీ, తెల్లవారుజామున కోసిన కట్ట తాజాదనం దానికి రాదు.

దీనికి తోడు కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. తనలో దాచుకున్న చక్కెరను ఖర్చు చేసుకుంటూ వేడిని వదులుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు రెండింతలు, కొన్నిట్లో మూడింతలు అవుతుంది. పొద్దున 28 డిగ్రీల్లో కోసిన బెండకాయకూ మధ్యాహ్నం 42 డిగ్రీల్లో కోసి బుట్టలోనే వదిలేసిన బెండకాయకూ సాయంత్రానికి కనిపించే తేడా అంతా అందులోనే ఉంది. ముందురోజు సాయంత్రం నీళ్లు పోసి, మర్నాడు పొద్దున కోయడం మంచి పద్ధతి. బాగా ఎండిపోయిన మట్టికి ఒక్కసారిగా నీళ్లు దిమ్మరిస్తే మాత్రం పండుకొచ్చిన టమాటా, దోస పగులుతాయి.

కోయడానికి చిన్న కత్తెర ఒకటి ఉండాలి. బెండకాయను లాగితే కాండం మీది నార తొక్కలా లేచి వస్తుంది, ఆ గాయంలోంచి నీరు పోతుంది. తీగ కాయను లాగితే కణుపు దగ్గర తీగే విరుగుతుంది. సొర, గుమ్మడి, దోసలకు రెండు వేళ్లంత కాడ ఉంచి కోస్తే నిల్వ ఉంటాయి. బెండ నూగు చేతులకు దురద పెడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మంచిది. ప్లాస్టిక్ బకెట్‌లో కుక్కేయకుండా వెదురు బుట్టలో తడి గుడ్డ పరిచి వేస్తే గాలి ఆడుతుంది.

ఇంటికి తెచ్చాక అన్నిటినీ ఫ్రిజ్‌లో పెట్టేయడం మామూలే, కానీ వేసవి కాయల్లో చాలావాటికి ఫ్రిజ్ చలి పడదు. బెండ, వంగ, టమాటా, దోస వేడి ప్రాంతాల మొక్కలు. నాలుగైదు డిగ్రీల దగ్గర బెండకాయ మీద నల్లమచ్చలు వస్తాయి, వంకాయ లోపల గింజలు నల్లబడతాయి, పచ్చి టమాటా పండడమే మానేస్తుంది. ఆకుకూరలకు, పచ్చిమిర్చికి ఫ్రిజ్ ఫర్వాలేదు. మిగతావాటికి తడి గుడ్డ చాలు, లేదా కుండలో కుండ. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి తడుపుతూ ఉంటే లోపల బయటికంటే ఎంతో చల్లగా ఉంటుంది. ఇటుకలు, ఇసుకతో ఇదే సూత్రం మీద కరెంటు అక్కర్లేని చల్లగదిని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించింది. అయితే ఇది పొడి గాలి ఉన్న చోటే బాగా పనిచేస్తుంది. కరీంనగర్, అనంతపురం, కర్నూలు వైపు మేలో గాలి ఎండుగా ఉంటుంది కాబట్టి నీరు చకచకా ఆవిరై కుండ చల్లబడుతుంది. కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో గాలికి అప్పటికే తేమ నిండి ఉంటుంది, కుండ అంతగా చల్లబడదు. అక్కడివాళ్లు తక్కువ తక్కువగా, రోజూ కోసుకోవడమే దారి.

ఒక్కసారే ఎక్కువ కాస్తే వరుగులున్నాయి. దోస, వంకాయ, కాకర, గోరుచిక్కుడు ముక్కలకు ఉప్పు పట్టించి చాటలో, గుడ్డ మీద ఎండబెడితే రోహిణి ఎండకు మూడు నాలుగు రోజుల్లో గలగలలాడతాయి. విరిస్తే టప్పున విరగాలి, వంగితే ఇంకో ఎండ కావాలి. పచ్చిమిర్చిని తొడిమలతోనే గాటు పెట్టి పుల్ల మజ్జిగలో ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టి, పగలు ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేస్తూ పోతే మజ్జిగంతా పీల్చుకుని చల్ల మిరపకాయలవుతాయి. ఒక మాట గుర్తుంచుకోవాలి. ముదిరిన కాయను వరుగు చేసినంత మాత్రాన అది లేతదవదు. పీచుతోనే ఎండుతుంది, వానాకాలంలో పులుసులో వేసినప్పుడు పీచుగానే పంటికి తగులుతుంది. వరుగుకైనా కోత సమయానికే జరగాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల పెరళ్లలో వేసవి చివర అంటే ఆగస్టు, సెప్టెంబరు. అక్కడ వేరే టెన్షన్. జూన్‌లో హైదరాబాద్ పగలు పదమూడు గంటల పైచిలుకు, న్యూజెర్సీ, షికాగోల్లో పదిహేను గంటలు. బీర, సొర తీగలకు పగలు తగ్గుతుంటేనే ఆడపూలు బాగా వస్తాయి. దాంతో జూన్, జులైల్లో కంచె అంతా పాకి మగపూలతో ఊరించిన తీగ ఆగస్టు చివర్లో ఒక్కసారిగా కాయడం మొదలెడుతుంది. అక్టోబరులో తొలి ఫ్రాస్ట్ (మొక్కల మీద గడ్డకట్టే మంచు) పడేసరికి అంతా అయిపోతుంది. మనకు ఎండ తరుముతుంటే వాళ్లకు చలి తరుముతుంది. ఫ్రాస్ట్ హెచ్చరిక వచ్చిన సాయంత్రం గోంగూర మొత్తం దూసి పచ్చడికి పెట్టడం, పచ్చి టమాటాలన్నీ కోసి కాగితంలో చుట్టి పెట్టడం, దొండ కుండీని ఇంట్లోకి మోయడం, అన్నీ ఆ ఒక్క పూటలోనే.

ఇక్కడ ఆ ఒక్క పూట తొలి ఈదురుగాలి రోజు. జూన్ మొదటి వారంలో పడమట మబ్బు కట్టి, గాలి లేచి, పందిళ్లు కూలుతాయి. కారుమబ్బు కనబడిన రోజు పండుకొచ్చిన టమాటాలు, దోసకాయలు అన్నీ దించేసుకోవడమే మంచిది. వాన తగిలితే ఎలాగూ పగులుతాయి. ముసలి వంగ మొక్కను మాత్రం పీకేయనక్కర్లేదు. నేల బాగా తడిసిన తర్వాత అడుగు ఎత్తు ఉంచి కత్తిరించి, మొదట్లో పశువుల ఎరువు వేస్తే కొత్త కొమ్మలు వేసి వానాకాలంలో మళ్లీ కాస్తుంది. ఎండల్లోనే కత్తిరిస్తే మాడిపోతుంది, కాబట్టి రెండు మంచి వానలు పడేదాకా ఆగాలి.

విత్తనపు కాయ సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. కాపు మధ్యలో ఒక కాయను ముదరనిస్తే మొక్క నీరసిస్తుందని పైన చెప్పుకున్నదే. తీగ ఎలాగూ అయిపోతోంది కాబట్టి వేసవి చివర ఆ నష్టం లేదు. మంచి కాపు కాసిన, తెగులు రాని, చేదు లేని తీగను ఎంచుకుని, ఒక్క కాయకు గుడ్డ పీలిక కట్టి దాన్ని ఇంట్లో ఎవరూ కోయకుండా చెప్పాలి. వంకాయ అయితే పసుపు తిరిగేదాకా, బెండ అయితే గోధుమరంగు తిరిగి గీతల వెంట పగిలేదాకా, సొరకాయ అయితే ఊపితే గింజలు చప్పుడు చేసేదాకా ఉంచాలి. చుట్టుపక్కల వేరే రకాలుంటే సంకరమయ్యే అవకాశం ఉంది కాబట్టి, వచ్చే ఏడు ఆ తీగకు కాసిన మొదటి కాయను కూడా నాలుకతో చూశాకే వండాలి.

బీరకాయ ఎండినప్పుడు చూడడానికి బాగుంటుంది. రోహిణి ఎండకు తోలు పెళుసై, లోపల పీచు జల్లెడలా మిగులుతుంది. గాలి లేవకముందే కాడతో సహా కోసి, వంటింటి కిటికీ దగ్గర మేకుకు వేలాడదీయాలి. మృగశిర వాన పడ్డాక దించి, చివర ఉన్న చిన్న మూతను వేలితో తడితే ఊడి వస్తుంది. పళ్లెం మీద తలకిందులు చేసి ఊపితే నల్లటి గింజలు జలజలా రాలతాయి. వాటిలో నిండుగా, బరువుగా ఉన్నవి నాలుగు ఏరి, ఒక రాత్రి నానబెట్టి, పాత పందిరి మొదట్లోనే పెట్టుకోవచ్చు.